టేబుల్ మౌంటెన్: ఒకప్పుడు లోయ అడుగు.. ఇప్పుడు 1,086 మీటర్ల కొండ! పైభాగం ఎందుకంత చదును?

2024 జనవరి 3. కేప్‌టౌన్‌లోని న్యూలాండ్స్ గ్రౌండ్. మన హైదరాబాదీ పేసర్ మహ్మద్ సిరాజ్ 15 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. దక్షిణాఫ్రికా 55 పరుగులకే ఆలౌట్. రెండో రోజే ముగిసిపోయిన ఆ టెస్టులో మొత్తం పడినవి 642 బంతులే. ఫలితం తేలిన టెస్టుల్లో ఇంత తక్కువ బంతుల్లో ముగిసిన మ్యాచ్ అంతకుముందు లేదు.

ఆ మ్యాచ్ చూసినవాళ్లకు సిరాజ్ స్పెల్‌తో పాటు ఇంకొకటి కూడా గుర్తుండే ఉంటుంది. స్టాండ్స్ వెనక, కెమెరా పైకి లేచిన ప్రతిసారీ కనిపించిన పెద్ద కొండ. కింద పచ్చటి అడవి, పైన బూడిద రంగు రాతి గోడ. అదే టేబుల్ మౌంటెన్. న్యూలాండ్స్ నుంచి కనిపించేది దాని తూర్పు ముఖం మాత్రమే. నగరం వైపు నుంచో, సముద్రం మీద నుంచో చూస్తే అసలు రూపం తెలుస్తుంది. ఈ చివర నుంచి ఆ చివర దాకా స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. పేరుకు తగ్గట్టే అచ్చం బల్లలా!

ఇంతకీ ఆ కొండను ఎవరు కోశారు? పైభాగం అంత చదునుగా ఎలా వచ్చింది? ఆ కొండకూ, కింద ఉన్న మహానగరం తాగే నీళ్లకూ సంబంధం ఏంటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎక్కడుంది? ఎంత పెద్దది?

దక్షిణాఫ్రికా నైరుతి కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున కేప్‌టౌన్ నగరం ఉంటుంది. దానికి వెన్నులా నిలబడ్డ కొండ టేబుల్ మౌంటెన్. చదునైన పైభాగం ఒక చివర నుంచి మరో చివరకు సుమారు 3 కిలోమీటర్లు. ఎత్తైన చోటు పేరు మెక్లియర్స్ బీకన్, అక్కడ ఎత్తు 1,086 మీటర్లు. కొండకు ఒక పక్క డెవిల్స్ పీక్, ఇంకో పక్క లయన్స్ హెడ్ అనే శిఖరాలు ఉంటాయి. ఈ మూడింటి మధ్య గిన్నెలా ఉన్న చోటే పాత నగరం.

ఎత్తు లెక్కన చూస్తే ఇదేమంత పెద్ద కొండ కాదు. మన తూర్పు కనుమల్లో దీనికన్నా ఎత్తైనవి ఉన్నాయి. కానీ ఇది సముద్రం పక్కనే, నగరం నడిబొడ్డు నుంచే నిటారుగా లేస్తుంది. అందుకే ఉన్న ఎత్తు కన్నా పెద్దగా కనిపిస్తుంది. ఇక్కడి మూలవాసులైన ఖోయ్ ప్రజలు దీన్ని 'హోరిక్వాగో' అనేవారని చెబుతారు. అంటే సముద్రంలోని కొండ.

మూడు రాళ్లు.. మూడు కాలాలు

చదునైన కొండ కనిపిస్తే చాలు, ఇది ఒకప్పటి మహావృక్షం నరికిన మొద్దు అని చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో చాలానే ఉన్నాయి. అందులో నిజం లేదు. ఈ కొండ ఎలా ఏర్పడిందో దాని రాళ్లే చెబుతాయి. కింది నుంచి పైకి చదువుకుంటూ వెళ్లాలి అంతే.

అన్నిటికన్నా కింద ఉన్నది బురద రాయి. పాత సముద్రం అడుగున పేరుకున్న బురద, ఇసుక గట్టిపడి, నలిగి తయారైంది. సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట ఆ రాయిలోకి భూమి లోపలి నుంచి కరిగిన శిలాద్రవం దూసుకొచ్చింది. పైకి రాకుండా లోపలే చల్లారి గ్రానైట్ అయింది. ఈ రెండు రాళ్లు కలిసిన చోటు కేప్‌టౌన్‌లోని సీ పాయింట్ తీరంలో ఇప్పటికీ కనిపిస్తుంది. నల్లటి రాయి మధ్యలోకి తెల్లటి గ్రానైట్ చొచ్చుకుపోయి ఉంటుంది. 1836లో ఓడలో ఇటు వచ్చిన చార్లెస్ డార్విన్ ఈ రాళ్లను ప్రత్యేకంగా పరిశీలించారు. అక్కడ ఆ సంగతి చెప్పే ఫలకం కూడా ఉంది.

తర్వాత కోట్ల ఏళ్ల పాటు గాలి, వాన పైభాగాన్ని అరగదీశాయి. లోపల దాక్కున్న గ్రానైట్ బయటపడి నేల చదునైంది. ఆ నేల మీద కొత్త కథ మొదలైంది. నదులు ఇసుకను మోసుకొచ్చి పరిచాయి. పొర మీద పొర, పొర మీద పొర. ఇది జరిగింది సుమారు 45 నుంచి 50 కోట్ల ఏళ్ల కిందట. అడుగున ఊదా రంగు మట్టి కలిసిన పలుచటి పొరలు, వాటి మీద వందల మీటర్ల మందాన ఇసుక. ఆ ఇసుకే గట్టిపడి ఇసుకరాయి అయింది. కొండకు గోడలా కనిపించే బూడిద రంగు భాగం మొత్తం అదే.

అన్నిటికన్నా పైన, మెక్లియర్స్ బీకన్ దగ్గర, ఇంకో చిన్న రాతి ముక్క మిగిలి ఉంది. అది హిమానీనదాలు ఈడ్చుకొచ్చిన గులకరాళ్లతో ఏర్పడింది. అంటే సుమారు 44 కోట్ల ఏళ్ల కిందట ఈ ప్రాంతం మంచు కింద ఉండేది!

లోయ కొండగా ఎలా మారింది?

అసలు ట్విస్ట్ ఇక్కడే ఉంది. ఇప్పుడు కొండగా ఉన్న ఈ భాగం ఒకప్పుడు మడత అడుగు. అంటే లోయ అన్నమాట.

సుమారు 25 నుంచి 28 కోట్ల ఏళ్ల కిందట ఆఫ్రికా, ఇండియా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా అన్నీ కలిసి గోండ్వానా అనే ఒకే ఖండంగా ఉండేవి. ఆ సమయంలో దక్షిణ అంచున భూమి పొరల మీద విపరీతమైన ఒత్తిడి పడింది. నేల మీద పరిచిన దుప్పటిని రెండు చేతులతో నెడితే ఎలా ముడతలు పడుతుందో, ఈ ఇసుకరాతి పొరలూ అలాగే ముడతలు పడ్డాయి. కొన్నిచోట్ల పైకి లేచాయి, కొన్నిచోట్ల కిందికి వంగాయి. టేబుల్ మౌంటెన్ ఉన్న చోట పొరలు కిందికి వంగాయి. మరీ లోతుగా కాదు, వెడల్పాటి పళ్లెంలా కాస్త వంగాయంతే.

మరి పైకి లేచినవి ఏమయ్యాయి? ఎండిన జొన్నరొట్టెను వంచి చూడండి. వంపు పైభాగం సాగి పగుళ్లిస్తుంది. లోపలి వైపు మాత్రం ఇంకా నొక్కుకుని గట్టిగా ఉంటుంది. రాయీ అంతే. పైకి లేచిన మడతలు సాగి పగిలాయి. ఆ పగుళ్లలోకి నీళ్లు దిగి, కోట్ల ఏళ్లలో అవి ముక్కలై కొట్టుకుపోయాయి. కిందికి వంగిన భాగం నొక్కుకుపోయి గట్టిగా ఉండటంతో నిలబడింది. చుట్టూ ఉన్న ఎత్తులన్నీ పోయాయి, మధ్యలో ఉన్న పల్లం మిగిలింది. అలా లోయ కొండైంది.

పళ్లెం అడుగు దాదాపు చదునుగానే ఉంటుంది కదా. అందుకే ఇక్కడి పొరలూ దాదాపు అడ్డంగానే ఉన్నాయి. వాటితో పాటే కొండ పైభాగమూ చదునుగా మిగిలింది. పక్కలు నిటారుగా ఎందుకు ఉన్నాయంటే.. అడుగునున్న మెత్తటి పొరలు త్వరగా అరిగిపోతాయి. పైనున్న గట్టి ఇసుకరాయికి ఆధారం పోతుంది. అప్పుడది నిలువు పగుళ్ల వెంట పెద్ద పెద్ద దిమ్మెలుగా విరిగి పడుతుంది. గోడ వెనక్కి జరుగుతుంది కానీ ఎప్పటికీ గోడలాగే ఉంటుంది.

తిరుమల ఘాట్ రోడ్డులోనూ ఇలాంటి గీతే!

టేబుల్ మౌంటెన్ నుంచి దక్షిణంగా వెళ్తే చాప్‌మన్స్ పీక్ అనే ఘాట్ రోడ్డు వస్తుంది. సముద్రం అంచునే కొండను తొలిచి వేసిన రోడ్డు ఇది. అక్కడ కింద గ్రానైట్, పైన ఇసుకరాయి పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండింటి మధ్య గీత ఒక్కటే. కానీ ఆ గీతలో కోట్ల ఏళ్ల చరిత్ర మాయమై ఉంటుంది. కింది రాయి అరిగిపోయిన తర్వాతే పైది పేరుకుంది కాబట్టి మధ్య కాలానికి రికార్డు లేదు.

సరిగ్గా ఇలాంటి గీతే మన తిరుమల ఘాట్ రోడ్డులోనూ ఉంది. కింద అతి పురాతనమైన గ్రానైట్ జాతి రాళ్లు, వాటి మీద క్వార్ట్‌జైట్ పొరలు. ఇసుకరాయి ఇంకా గట్టిపడితే వచ్చేదే క్వార్ట్‌జైట్. దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగానూ గుర్తించారు. వయసులో తిరుమల రాళ్లు కేప్‌టౌన్ రాళ్ల కన్నా చాలా పాతవి. రోజూ వేల మంది భక్తులు దాన్ని దాటి వెళ్తుంటారు. బస్సు కిటికీలోంచి ఆ గీతను గమనించేవాళ్లు మాత్రం తక్కువే.

బల్ల మీద తెల్ల గుడ్డ

టేబుల్ మౌంటెన్ వీడియోల్లో ఎక్కువగా కనిపించే సీన్ మేఘానిది. చదునైన పైభాగం మీద తెల్లటి మేఘం పరుచుకుని, అంచుల మీదుగా కిందికి జాలువారుతుంది. సగం దూరం వచ్చాక మాయమైపోతుంది. దీన్ని టేబుల్ క్లాత్ అంటారు.

ఇది మాయ కాదు, ఫిజిక్స్. వేసవిలో ఆగ్నేయం నుంచి బలమైన గాలి వీస్తుంది. సముద్రం మీద నుంచి వచ్చే ఆ గాలిలో తేమ ఉంటుంది. కొండ అడ్డం రాగానే గాలి పైకి ఎక్కుతుంది, చల్లబడుతుంది, తేమ మేఘంగా మారుతుంది. అవతలి వైపు కిందికి దిగేటప్పుడు మళ్లీ వేడెక్కి, మేఘం ఆవిరై పోతుంది. ఈ గాలికి 'కేప్ డాక్టర్' అని ముద్దుపేరు. నగరం మీది కాలుష్యాన్ని, పాత రోజుల్లో రోగాలను ఊడ్చేస్తుందని జనం నమ్మకం.

స్థానికులు చెప్పే కథ వేరే ఉంది. వాన్ హంక్స్ అనే ముసలి సముద్రపు దొంగ డెవిల్స్ పీక్ మీద కూర్చుని సాక్షాత్తూ దెయ్యంతో పైపు తాగే పోటీ పెట్టుకున్నాడట. ఆ పొగే ఈ మేఘం అట!

ఈ నగరం పుట్టిందే కొండ నీళ్ల కోసం

సరదా కథలు పక్కన పెడితే, ఆ మేఘం, ఆ వానలే కేప్‌టౌన్ పుట్టుకకు కారణం. కొండ మీద నగరం కన్నా ఎక్కువ వాన పడుతుంది. ఇసుకరాయి పగుళ్లలోకి ఆ నీళ్లు దిగి, అడుగున ఊటలుగా బయటికొస్తాయి. ఏడాది పొడవునా పారే వాగులు ఇక్కడి నుంచే మొదలయ్యాయి.

1503లో పోర్చుగీసు నావికుడు ఆంటోనియో డి సల్దాన్యా ఈ కొండ ఎక్కాడు. రికార్డుల్లో ఉన్న తొలి యూరోపియన్ ఆయనే. బల్ల అనే అర్థం వచ్చే పేరు పెట్టిందీ ఆయనే. ఆ తర్వాత ఇండియాకు, ఇండోనేసియాకు వెళ్లే ఓడలకు ఇది దారి గుర్తు అయింది. నెలల తరబడి సముద్రంలో ఉన్న నావికులకు కావాల్సింది మంచినీళ్లు. అవి కొండ కింద దొరికాయి. 1652 ఏప్రిల్‌లో జాన్ వాన్ రీబెక్ వచ్చి డచ్ ఈస్టిండియా కంపెనీ స్థావరం పెట్టింది అందుకే.

అప్పటికే అక్కడ పశువులు మేపుకునే ఖోయ్ ప్రజల చేతుల్లోంచి నీళ్లు, మేత భూములు క్రమంగా జారిపోయాయి. పనికి మనుషులు కావాలని కంపెనీ బానిసలను ఓడల్లో తెచ్చింది. వాళ్లలో బెంగాల్, మలబార్, కోరమాండల్ తీరాల నుంచి తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. అప్పట్లో అదే కంపెనీకి మన మచిలీపట్నంలోనూ స్థావరం ఉండేది. కొండ మీది కట్టెలు మోసింది, ప్లాటెక్లిప్ వాగులో యజమానుల బట్టలు ఉతికింది ఆ బానిసలే.

నగరం పెరిగే కొద్దీ నీళ్లు చాలలేదు. దాంతో 19వ శతాబ్దం చివర్లో కొండ పైనే డ్యామ్‌లు కట్టడం మొదలుపెట్టారు. వుడ్‌హెడ్ డ్యామ్ 1897లో, హెలీ హచిన్సన్ డ్యామ్ 1904లో పూర్తయ్యాయి. కొండ రాళ్లనే చెక్కి కట్టిన ఆ గోడలు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

డే జీరో: కొండ కింద నగరం.. కుళాయిలో నీళ్లు బంద్?

2015 నుంచి 2017 వరకు వరసగా మూడేళ్లు వానలు మొహం చాటేశాయి. నగరానికి నీళ్లిచ్చే పెద్ద డ్యామ్‌లు అడుగంటాయి. 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అని అధికారులు ఆంక్ష పెట్టారు. స్నానం, వంట, బట్టలు, టాయిలెట్ అన్నీ అందులోనే. డ్యామ్‌లలో నిల్వ 13.5 శాతానికి పడిపోతే కుళాయిలు ఆపేస్తామని చెప్పారు. ఆ రోజుకు పెట్టిన పేరే డే జీరో. అది వస్తే సుమారు 200 కేంద్రాల దగ్గర క్యూలో నిలబడి మనిషికి 25 లీటర్లు పట్టుకోవాల్సిందే.

అప్పుడు జనానికి గుర్తొచ్చింది కొండే. సిరాజ్ బౌలింగ్ చేసిన గ్రౌండ్ ఉన్న న్యూలాండ్స్‌లోనే ఒక ఊట ఉంది. రాత్రీ పగలూ అక్కడ క్యాన్లతో క్యూలు కట్టారు. ఇంకా విచిత్రం ఏంటంటే, ఒకప్పుడు నగరానికి ప్రాణం పోసిన పాత వాగులు ఎండిపోలేదు. రోడ్ల కింద పైపుల్లో, సొరంగాల్లో పారుతూ సముద్రంలో కలిసిపోతున్నాయి! మురికి కాల్వలయ్యాయని వాటిని ఎప్పుడో కప్పేశారు. పైన నీళ్ల కోసం క్యూ, కింద సముద్రంలోకి నీళ్లు.

జనం వాడకం బాగా తగ్గించారు. రైతుల వాటాకూ కోత పడింది. 2018 చలికాలంలో వానలు పడ్డాయి. డే జీరో రాలేదు. కానీ కొండ ఊటలను మళ్లీ వాడుకోవాలన్న చర్చ మాత్రం అప్పటి నుంచే గట్టిగా నడుస్తోంది.

కప్పకూ నీళ్లే ప్రాణం

నీళ్ల సమస్య మనుషులకే కాదు. ఈ కొండ వాగుల్లో ఒక కప్ప ఉంది. పేరు టేబుల్ మౌంటెన్ ఘోస్ట్ ఫ్రాగ్. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. దీని పిల్లలు కప్పలుగా మారడానికి ఏడాదికి పైగా పడుతుంది. అంతకాలం నోటితో రాయిని పట్టుకుని పారే నీళ్లలోనే బతకాలి. ఒక్క వేసవి వాగు ఎండితే ఆ తరం మొత్తం పోయినట్టే. ఇప్పుడిది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది.

మొక్కల సంగతీ అంతే. ఈ ద్వీపకల్పంలో 2,200కు పైగా మొక్క జాతులు ఉన్నాయి. ఇసుకరాయి మట్టిలో పోషకాలు తక్కువ. ఆ పేద మట్టికి అలవాటు పడ్డ పొదలను ఫిన్‌బోస్ అంటారు. ఇక్కడి వాగు నీళ్లు టీ డికాషన్ రంగులో ఉండేది కూడా ఈ మొక్కల వల్లే. ఈ వృక్షసంపద ఉన్న కేప్ ప్రాంతాన్ని యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఫిన్‌బోస్‌కు అప్పుడప్పుడూ మంట అవసరం. మంట తర్వాతే చాలా విత్తనాలు మొలుస్తాయి. సమస్య బయటి నుంచి తెచ్చి నాటిన పైన్, జామాయిల్ లాంటి చెట్లతో వచ్చింది. అవి నీళ్లు ఎక్కువ తాగుతాయి, మంట వస్తే మరింత తీవ్రంగా కాలతాయి. 2021 ఏప్రిల్ 18న డెవిల్స్ పీక్ వాలులో మొదలైన మంట కేప్‌టౌన్ యూనివర్సిటీ దాకా వచ్చింది. అక్కడి జాగర్ లైబ్రరీ రీడింగ్ రూమ్ కాలిపోయింది. ఆఫ్రికా చరిత్రకు సంబంధించిన అరుదైన పుస్తకాలు, సినిమాలు బూడిదయ్యాయి.

పైనుంచి ఏం కనిపిస్తుంది?

పశ్చిమ అంచున నిలబడితే కింద లయన్స్ హెడ్, దాని పక్కన సిగ్నల్ హిల్. మధ్యాహ్నం 12 గంటలకు ఫిరంగి పేల్చే చోటు అదే. ఆదివారం మాత్రం సెలవు. ఇంకాస్త అవతల 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు కట్టిన స్టేడియం. దాని వెనక సముద్రంలో బల్లపరుపుగా ఒక దీవి కనిపిస్తుంది. అదే రాబెన్ ఐలాండ్. నెల్సన్ మండేలా 27 ఏళ్ల జైలు జీవితంలో 18 ఏళ్లు అక్కడే గడిచాయి. సున్నపురాయి క్వారీలో పనిచేసిన ఖైదీలకు సముద్రం అవతల ఈ కొండే కనిపించేది.

నగరం వైపు చూస్తే డెవిల్స్ పీక్ కింద ఇప్పటికీ ఖాళీగా ఉన్న నేల కనిపిస్తుంది. అది డిస్ట్రిక్ట్ సిక్స్. 1966లో ఆ ప్రాంతాన్ని తెల్లవాళ్లకు మాత్రమే అని ప్రకటించారు. 60 వేల మందికి పైగా జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించి, బుల్‌డోజర్లతో కూల్చేశారు. వాళ్లను పంపింది కేప్ ఫ్లాట్స్ అనే ఇసుక మైదానానికి. కొండ తూర్పు వైపు నుంచి చూస్తే ఆ మైదానం కనుచూపు మేర కనిపిస్తుంది. ఒకే కొండ. ఎవరి ఇంటి నుంచి ఎంత దూరంలో కనిపించాలో చట్టం నిర్ణయించిన రోజులవి.

దక్షిణాన కేప్ పాయింట్ వైపు కొండల వరస సాగుతుంది. అట్లాంటిక్, హిందూ మహాసముద్రాలు అక్కడే కలుస్తాయని చాలా వీడియోల్లో చెబుతుంటారు. అది కరెక్ట్ కాదు. అధికారికంగా ఆ హద్దు ఇంకా ఆగ్నేయంగా ఉన్న కేప్ అగల్హాస్ దగ్గర ఉంది.

ఇంకో విశేషం. ఆకాశంలోనూ ఒక టేబుల్ మౌంటెన్ ఉంది! 1750ల్లో ఇక్కడి నుంచి దక్షిణాకాశాన్ని పరిశీలించిన ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త లకాయ్ ఒక నక్షత్రమండలానికి ఈ కొండ పేరే పెట్టారు. అదే మెన్సా.

వెళ్లాలనుకునేవాళ్లు ఇవి గుర్తుంచుకోండి

కేబుల్ కారు 1929 అక్టోబర్ 4 నుంచి నడుస్తోంది. 1997లో కొత్త కార్లు పెట్టారు. ఒక్కోదానిలో 65 మంది పడతారు. పైకి వెళ్తున్నంత సేపూ ఫ్లోర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి కిటికీ సీటు కోసం తోసుకోవాల్సిన పని లేదు. ఐదు నిమిషాల్లో పైన ఉంటారు.

గాలి ఎక్కువైతే సర్వీసు ఆపేస్తారు. పైన ఉండగా సైరన్ మోగితే సెల్ఫీలు ఆపి వెంటనే స్టేషన్‌కు రావాలి. నడిచి ఎక్కాలంటే ప్లాటెక్లిప్ దారి ఉంది. మామూలు వేగంతో రెండు నుంచి మూడు గంటలు. దారి కష్టం కాదు కానీ పూర్తిగా మెట్ల లాంటి రాళ్లే. నగరం పక్కనే ఉంది కదా అని తేలిగ్గా తీసుకున్నవాళ్లే ఎక్కువగా చిక్కుకుంటారు. ఎండలో బయల్దేరితే అరగంటలో మేఘం కమ్మేసి పది అడుగుల దూరం కనిపించదు. అంచు ఎక్కడుందో తెలియదు. నీళ్లు, జాకెట్, ఛార్జింగ్ ఉన్న ఫోన్ తప్పనిసరి. దారి దోపిడీలు కూడా జరుగుతుంటాయి కాబట్టి ఒంటరిగా వెళ్లకపోవడమే మంచిది.

కోట్ల ఏళ్ల గాలిని, వానను తట్టుకున్న ఇసుకరాయి ఇప్పట్లో ఎక్కడికీ పోదు. ఆ రాయి మీద నడిచే మేఘం, దాని పగుళ్లలో దాగిన నీళ్లు, ఆ నీళ్లనే నమ్ముకున్న కప్ప, నగరం.. వీటికి మాత్రం అంత గ్యారంటీ లేదు. ఈసారి న్యూలాండ్స్‌లో మ్యాచ్ జరిగినప్పుడు ఓవర్ల మధ్యలో కెమెరా కొండ వైపు తిరిగితే గమనించండి. పైన తెల్ల గుడ్డ పరుచుకుని ఉంటే.. కింద ఏదో ఒక వాగులో నీళ్లు పారుతున్నాయన్నమాట.